ఖీవాలో శనివారం

11 అక్టోబర్ 2025, శనివారం

మలేషియా చేరాను. క్లాంగ్‌లో, ఇంట్లోనే ఉన్నాను.

ఈ నోటుబుక్కు తెలుగులో రాస్తున్నాను. శివగామికి తెలుగు చదవడం రాదు. పెళ్ళయి పద్నాలుగేళ్ళయినా నా భాషలో ఆవిడకు వచ్చినవి నాలుగు మాటలు, అందులో రెండు తిట్లు. ఇంట్లో అంతా తమిళమే. నేను మాట్లాడే తెలుగు మా ఊరు సుంగై సుమున్ తోటలది, రాసే తెలుగు ఆదివారం బడిలో మాస్టారు బెత్తం పట్టుకుని నేర్పిన పుస్తకాలది. ఆ బెత్తం దెబ్బలు ఇన్నాళ్ళకు పనికొచ్చాయి.

నిన్న శవపేటికతో పాటు దిగాను. సాయంత్రానికి తెలుక్ ఇంటాన్‌లో దహనం కూడా అయిపోయింది. చుట్టాలంతా వరసగా వచ్చి నా చేతులు పట్టుకున్నారు. "ఒగ్గీకుండా తెచ్చినావు బాబూ, నువ్వు సల్లగుండాల" అన్నారు. నేను అందరికీ తల ఊపాను. పంతొమ్మిదేళ్ళు టూరు లీడరుగా తల ఊపినవాణ్ణి, అది అలవాటే.

రిపోర్టు రాయాలి. మా కంపెనీ మేనేజరు షణ్ముగం రెండుసార్లు ఫోన్ చేశాడు. ఇలా మొదలుపెడదామనుకుంటున్నాను:

"నేను, వినోద్‌కుమార్, పంతొమ్మిది మంది బృందాన్ని ఉజ్బెకిస్తాన్ తీసుకెళ్ళాను. తాష్కెంట్, సమర్‌ఖండ్, బుఖారా, ఖీవా. పాత వర్తకుల దారి, తొమ్మిది రోజులు. అక్టోబర్ నాలుగు సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో ఖీవా కోట బురుజు మెట్ల మీద శ్రీమతి కూర్మమ్మ, అరవై తొమ్మిదేళ్ళు, పడిపోయారు. తలకు దెబ్బ తగిలింది. ఆరో తేదీ ఆసుపత్రిలో మరణించారు. ఆమె ఆ రోజు ఏమీ తినలేదన్న సంగతి నాకు తెలియదు."

ఆఖరి వాక్యం బాగా కుదిరింది.


12 అక్టోబర్, ఆదివారం

పొద్దున సుగంధి ఫోన్ చేసింది. కూర్మమ్మ పిన్నికి ఒక్కతే కూతురు. పోర్ట్ క్లాంగ్‌లో గోదాములో పని. అమ్మకు ఈ ప్రయాణం కానుకగా ఇచ్చింది తనే. పిన్ని నాకు చుట్టమేమీ కాదు. మా ఊరివైపు మనిషి, మా అమ్మ వయసు, తెలుగు మాట్లాడింది, అందుకని పిన్ని.

"అన్నా, ఒకటే అడుగుతాను. అమ్మ ఆఖర్న ఏటి తిన్నాది?"

నేను ఆలోచించలేదు. మధ్యాహ్నం పలావు తిన్నాదని చెప్పాను. మాంసం లేకుండా విడిగా చేయించానన్నాను. రొట్టె, పెరుగు, ఖర్బూజా రెండు ముక్కలు. ఎన్ని ముక్కలో కూడా నోటికి వచ్చేసింది.

"శనివారం కదా? పురట్టాసి శనివారం అమ్మ ఒక్కపొద్దు ఒగ్గదే?"

"నానే తినిపించినాను. ప్రయాణంలో ఒద్దు పిన్నీ అన్నాను. విన్నాది."

ఏడ్చింది. "నానూ అదే సెప్పినానన్నా. ప్రయాణంలో దేవుడేటీ అనుకోడమ్మా అని. నా మాట వినదు. నీ మాట విన్నాది. కడుపునిండా తిని ఎల్నాది కదా, అది సాలు నాకు. ఇంకేటీ ఒద్దు."

పిన్ని తినలేదు. ఆ రోజు పొద్దుటి నుంచి పడిపోయే దాకా ఒక్క మెతుకు ముట్టలేదు. తమిళుల పురట్టాసి నెల శనివారాల్లో మావాళ్ళు వెంకన్నకు ఒక్కపొద్దు ఉంటారు. పొద్దు గూకాక దీపం పెట్టి గోవిందా అనుకుని అప్పుడు తింటారు.

ఫోన్ పెట్టేసి భోజనం చేశాను. శివగామి ఏదో వండింది. ఏమిటో గుర్తులేదు.


13 అక్టోబర్

ఆఫీసుకు ఇప్పుడే రావద్దన్నాడు షణ్ముగం. సరే అన్నాను.


14 అక్టోబర్

వాన. ఏమీ లేదు.


15 అక్టోబర్, బుధవారం

ఏమీ లేదని రోజూ రాయడం ఎందుకు. ఏదైనా రాద్దాం.

మా గుంపులు ఎక్కడికి వెళ్ళినా మలేషియాను పెట్టెలో పెట్టుకుని వెళతాయి. సంబల్ కారం సీసాలు, మైలో పొట్లాలు, ఈసారి ఒకాయన రైస్ కుక్కర్ కూడా తెచ్చాడు. సమర్‌ఖండ్‌లో రెగిస్తాన్ చౌకు నడిమధ్య నిలబెట్టి, మూడు వైపులా మూడు మదరసాలు, వందల ఏళ్ళ నీలి పలకలు చూపించబోతే ఒకావిడ మొదట టాయిలెట్ ఎక్కడని అడిగింది. తర్వాత ఇక్కడ మన నురగ టీ, తే తారిక్ దొరుకుతుందా అని అడిగింది. నాకు కోపం రాదు. ఒంటెల మీద వచ్చిన వర్తకులూ ముందు ఇవే అడిగి ఉంటారు, టీ కాస్త అటూ ఇటూగా.

పిన్ని పలకల దగ్గరకు వెళ్ళి అరచెయ్యి ఆనించింది. పైదాకా చూసింది. "ఇన్ని పలకలు రోజూ తుడిసేదెవులు బాబూ?" అంది. ఈ ఊరికి ఏడుసార్లు వచ్చాను. ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు.

ఆవిడ నన్ను పట్టుకుంది విమానాశ్రయంలోనే. బస్సు ఎక్కేముందు, దిగాక, నేను తలలు లెక్కపెడతాను. నోట్లోనే, తెలుగులో. అమ్మ పోయాక తెలుగు మిగిలింది ఆ లెక్కలోనే. పదకొండు అన్నానో లేదో పదకొండో తల నా వైపు తిరిగి, "ఓలమ్మ! తెలుగోడివా?" అంది. మిగతా పద్దెనిమిది మందీ తమిళులు. ఆ తర్వాత తొమ్మిది రోజులకూ సరిపడా బస్సులో నా పక్క సీటు ఆవిడకు ఖాయమైపోయింది. తొమ్మిది రోజులూ కాలేదు.

బుఖారా నుంచి ఖీవాకు రైలు. ఆరు గంటలు ఎడారి. అందరూ నిద్రపోయారు. పిన్ని ఆ ఆరు గంటలూ కిటికీలోంచి చూస్తూనే ఉంది. "పుట్టినకాడి నుంచీ పామాయిల్ సెట్లే సూసినాను బాబూ. ఏటీ లేకపోతే ఇంత బాగుంటాదా" అంది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు, నిజంగానే అంది.

ఖీవాలో నన్ను టైము అడిగింది. చెప్పాను.


16 అక్టోబర్

టైము అడిగింది, చెప్పాను. అంతే కదా. ఎవరైనా చెబుతారు.


18 అక్టోబర్, శనివారం

నిన్నటితో పురట్టాసి అయిపోయింది. నెలంతా నీచు మానేసిన వీధిలో ఇవాళ అన్ని ఇళ్ళలోనూ చేపల వాసన.

షణ్ముగం ఇంటికే వచ్చాడు. మంచివాడే. నాకు ఈ పని ఇచ్చింది ఆయనే. టీ తాగుతూ నా రిపోర్టు చదివాడు. తర్వాత పిన్ని దరఖాస్తు ఫారం బయటకు తీశాడు. జబ్బులు అన్న చోట షుగర్ అని సుగంధి చేతిరాత.

"ఇది నువ్వు చూశావా?" అని తమిళంలో అడిగాడు.

"చూశాను."

"చూడలేదని రాయి. ఫారాలు ఆఫీసులో ఉంటాయి, లీడరు దగ్గర ఉండవు. ఉపవాసం సంగతి ఎలాగూ నీకు తెలియదని రాశావు. మాత్రలు వేసుకోవడం కూడా నువ్వు చూడలేదు. కదా?"

"చూడలేదు."

"అంతే అయితే గొడవ లేదు. లేకపోతే కంపెనీ మూసుకోవాలి వినోద్. నీతో పాటు ఇంకో ముగ్గురు లీడర్లు ఇంటికి పోతారు."

ఆయన ఎదుటే ఆ రెండు వాక్యాలూ చేర్చి పంపేశాను. వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టాడు. గేటు దగ్గర మలాయ్ కాపలా ముసలాయన ఎప్పటిలాగే "సుదా మకాన్?" అని అరిచాడు. ఈ దేశంలో బాగున్నావా అని అడగరు, తిన్నావా అని అడుగుతారు. తిన్నానని చెయ్యి ఊపాను.


20 అక్టోబర్

దీపావళి. మురుకులు. పదిహేను మంది వచ్చారు. బాగానే గడిచింది.


22 అక్టోబర్, బుధవారం

షిఫ్టు దిగి సుగంధి నేరుగా ఇక్కడికి వచ్చింది. యూనిఫారంలోనే ఉంది. శివగామి టీ ఇస్తే రెండు చేతులతో పట్టుకుని తాగింది. మనిషి కుదుటపడింది. ముఖంలో తెలుస్తోంది.

"ఆదివారం పదహారో రోజు పెడతన్నామన్నా. దహనం నుంచి లెక్కేస్తే శనివారమే పడ్డాది, నాకు షిఫ్టు ఉన్నాదని ఒక రోజు జరిపినాం. నువ్వు రావాల."

"వస్తానమ్మా."

"ఊరికే రావడం కాదన్నా. నువ్వే ముద్ద పెట్టాల."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది, వాళ్ళ ఇంటి ఆచారం. తిని పోయినవాళ్ళకు పదహారో రోజు ఆకులో పలహారం పెడితే చాలు. పళ్ళు, వడలు, పాయసం. ఆఖరిసారి అన్నం తినిపించిన మనిషే ఆ ఆకులో మొదటి ముద్ద పెట్టాలి. ఆకలితో పోయినవాళ్ళకైతే వేరే. వాళ్ళకు అప్పటికప్పుడు పొయ్యి వెలిగించి వండి, వేడివేడిగా అన్నం పెట్టాలి. అది పెట్టేదాకా ఇంటికి వచ్చినవాళ్ళెవరూ ఏమీ ముట్టకూడదు.

"మా అప్పడు మామ, అమ్మకి అన్నే, అడిగినాడన్నా, నీయమ్మ ఎలా ఎల్నాదే అని. కడుపునిండా తిని ఎల్నాది, వినోదన్న తినిపించినాడు అన్నాను. మామ ఏడిసినాడు. మా తాత తోటలో ఆకలితోనే పోనాడంట. మామ అదే తల్సుకుంటాడు ఎప్పుడూ." టీ కప్పు కింద పెట్టింది. "నాకు ఈ పదిరోజులూ నిద్ర పట్టిందంటే నీ వల్లేనన్నా."

నేను "సరేనమ్మా" అన్నాను.

ఆమె వెళ్ళాక శివగామి నా ముఖంలోకి చూసింది. "మీరేదో దాస్తున్నారు" అంది.

"అలసట" అన్నాను.

ఇది మంచి అబద్ధం. దీనివల్ల ఎవరికీ నష్టం లేదు. ఒక మనిషి నిద్రపోతోంది, ఒక ముసలాయన ఊరట పడ్డాడు. నిజం చెబితే పిన్ని తిరిగి రాదు. ఆదివారం వెళ్ళి ముద్ద పెట్టి వచ్చేస్తే అయిపోతుంది.


23 అక్టోబర్

ముద్ద పెట్టి వచ్చేస్తే అయిపోతుంది.


24 అక్టోబర్, శుక్రవారం

మొత్తం రాస్తాను. ఎలాగూ ఎవరూ చదవరు.

నాలుగో తేదీ పొద్దున ఖీవా హోటల్లో టిఫిన్. నేను గుమ్మం దగ్గర నిలబడి తలలు లెక్కపెడుతున్నాను. పిన్ని ముందు పళ్ళెం లేదు, పాలు లేని టీ ఒకటే ఉంది. "ఒక్కపొద్దు బాబూ" అంది. పక్కన డబ్బీలోంచి మాత్ర తీసి నా కళ్ళెదుటే నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. అది షుగర్ మాత్ర అని నాకు తెలుసు. మా అమ్మ ఇరవై ఏళ్ళు వేసుకున్న మాత్రే. వేసుకున్నాక తినకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. మా అమ్మకు ఒకసారి అయ్యింది, పంచదార నోట్లో పోశాం.

తినమని అనలేదు.

ఎందుకు అనలేదో ఇన్ని రోజులుగా వెతుకుతున్నాను. పెద్ద కారణమేమీ లేదు. ఒక్కపొద్దు ఉన్న మనిషి చేత తినిపిస్తే ఆ పాపం తినిపించినవాడిదని మా అమ్మ అనేది. ఆ మాట నాలో ఎక్కడో ఉంది. మా కంపెనీలో అలీ ఉన్నాడు, మెయ్ లింగ్ ఉంది. వాళ్ళెవరైనా ఆ గుంపును తీసుకెళ్ళి ఉంటే ఆంటీ, మాత్ర వేసుకున్నారు, తినండి అని చేతిలో రొట్టె పెట్టేవాళ్ళు. వాళ్ళకు పురట్టాసి తెలియదు, గోవిందా తెలియదు. ఆవిడ తిట్టుకుంటూ తినేది, బతికి ఉండేది. నేను తెలుగువాణ్ణి కాబట్టి ఊరుకున్నాను. ఊరుకోవడమే కాదు, ముచ్చటపడ్డాను. అమ్మలాగే ఉందే అనుకున్నాను.

పగలంతా నడిచాం. మట్టి గోడలు, చెక్క స్తంభాల మసీదు, సగంలో ఆపేసిన నీలి మినారు. అందరూ భోజనానికి కూర్చుంటే పిన్ని బయట అరుగు మీద కూర్చుంది. ఎండలో కూర్చుని నా వైపు చూసి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

నాలుగు గంటలకు తివాచీల కొట్టు బయట నా పక్కకు వచ్చింది. చెమట పట్టి ఉంది. ఆ ఊళ్ళో అప్పటికి చలిగాలి తిరిగింది, చెమట పట్టే వేళ కాదు.

"బాబూ, మనూళ్ళో ఇప్పుడు దీపాలెట్టేసుంటారు కదా?"

"ఎట్టేసుంటారు పిన్నీ. అక్కడ ఏడైపోనాది."

"మరిక్కడో?"

"ఇక్కడ ఆరున్నర దాకా పొద్దుంటాది. అందరం బురుజెక్కి సూద్దాం. శానా బాగుంటాది."

ఒక్క క్షణం నన్ను చూసింది. "అలాగే బాబూ" అంది.

టైము అడగలేదు ఆవిడ. తినొచ్చా అని అడిగింది. మన ఊళ్ళో పొద్దు గూకింది, ఆ లెక్కన నా ఒక్కపొద్దు తీరిపోయింది కదా, తినొచ్చు కదా అని నా నోటితో అనిపించుకోవడానికి అడిగింది. తనంతట తాను తినడానికి మనసు ఒప్పక, తెలుగువాణ్ణి, ప్రయాణాలు తెలిసినవాణ్ణి, నన్ను అడిగింది. తిను పిన్నీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను సూర్యాస్తమయం టైము చెప్పాను. ఏ ఊళ్ళో ఎన్ని గంటలకో నిమిషాలతో సహా చెబుతానని నాకు పేరు. ఆ పేరు నిలబెట్టుకున్నాను.

రెండు గంటల తర్వాత మెట్ల మీద పడింది. నేను పైన ఉన్నాను, ఎవరిదో ఫోటో తీస్తున్నాను.

ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది అక్కడి గైడు నాకు అనువదించి చెప్పాడు. షుగర్ పడిపోయింది, అందుకే పడింది, అందుకే తలకు దెబ్బ. కాగితం రష్యన్‌లో ఉంది. సుగంధికి రష్యన్ రాదు. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది, విమానం ఎక్కకముందే.

ఇంకొకటి. పిన్ని చేతిసంచిలో గుడ్డలో చుట్టిన రొట్టె ముక్క ఉంది. పొద్దు గూకాక తినడానికి దాచుకుంది. సంచి సుగంధికి ఇచ్చేముందు ఆ రొట్టె తీసి ఆసుపత్రి ఆవరణలో పావురాలకు వేశాను. అవి తింటుంటే చూస్తూ నిలబడ్డాను. నాకేమీ అనిపించలేదు. అది రాయాలనే ఇదంతా మొదలుపెట్టానేమో. నాకేమీ అనిపించలేదు.

శివగామి గదిలోకి వచ్చింది. ఏం రాస్తున్నారంది. రిపోర్టు అన్నాను. ఇన్ని పేజీలా అంది.


25 అక్టోబర్

రేపు. వెళ్ళకుండా ఉండొచ్చు. జ్వరమని చెప్పొచ్చు.

వెళ్ళి ముద్ద పెట్టడం మాత్రం నా వల్ల కాదు.


27 అక్టోబర్, సోమవారం

పొద్దున కొత్త రిపోర్టు పంపాను. ఫారం చూశాను, మాత్ర వేసుకోవడం చూశాను, ఒక్కపొద్దు అని తెలుసు, నాలుగు గంటలకు ఆవిడ అడిగింది అని రాశాను. షణ్ముగం ఆరుసార్లు ఫోన్ చేశాడు. తీయలేదు.

నిన్నటిది రాయాలి.

పదకొండు గంటలకు సుంగై సుమున్ చేరాను. పిన్ని ఇంటి ముందు టెంటు వేశారు. నలభై మంది దాకా ఉన్నారు. లోపల పిన్ని ఫోటోకు దండ, ముందు అరిటాకు, దాంట్లో పళ్ళు, వడలు, గ్లాసులో పాయసం. టెంటు కింద భోజనాల బల్ల మీద మూతలు పెట్టిన గిన్నెలు. అప్పడు మామ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఎనభై ఏళ్ళ మనిషి నాకోసం లేచాడు. "రా నాయనా, కూకో" అని ఆకు ముందు పీట చూపించాడు.

కూర్చున్నాను. సుగంధి నా చేతిలో వడ ముక్క పెట్టింది. "ఎట్టన్నా" అంది.

చెయ్యి కదల్లేదు. నేను ధైర్యం చేశానని అనుకోవడానికి లేదు. చెయ్యి కదల్లేదు, అంతే. వడ ముక్క పీట మీద పెట్టి, "సుగంధీ, ఒకపాలి వంటింట్లోకి రా" అన్నాను.

వంటింట్లో ఎవరూ లేరు. తలుపు దగ్గరగా వేసింది. కాళ్ళనొప్పో ఏదో అనుకుంది కాబోలు, స్టూలు జరిపింది. నేను కూర్చోలేదు.

"నాను అబద్ధం ఆడినాను. పిన్ని ఆ రోజు ఏటీ తిన్లేదు. నాను తినిపించలేదు."

ఆమె ముఖంలో ఏమీ మారలేదు. "ఒక్కపొద్దా?" అంది.

"ఒక్కపొద్దే. నాకు తెలుసు."

"మాత్ర ఏసుకున్నాదా?"

"ఏసుకున్నాది. సూసినాను."

"తినమన్లేదా?"

"అన్లేదు."

నాలుగు గంటలకు పిన్ని అడిగింది చెప్పాను. నేను చెప్పిన జవాబూ చెప్పాను. ఒకసారి విని, "మల్లీ సెప్పు" అంది. మళ్ళీ చెప్పాను. అమ్మ అన్న మాట అన్నట్టుగా చెప్పమంది. అన్నట్టుగా చెప్పాను. అది చెబుతున్నప్పుడు నా గొంతు పిన్ని గొంతులా వచ్చింది, నాకే భయమేసింది.

"అక్కడ నాలుగంటే ఇక్కడ ఏడు" అంది తనలో తను. "ఏడుకి నాను దీపం ఎట్టినాను. గోవిందా అని కంచం ముందర కూకున్నాను. అమ్మ అడిగినప్పుడు నాను తింటన్నాను."

చెంప మీద కొడుతుందని ఎదురుచూశాను. కొడితే బాగుండేది. ఆమె ఇటు తిరిగి బియ్యం డబ్బా మూత తీసింది. గిన్నెలో బియ్యం పోసింది. కడగడానికి నేను చెయ్యి చాచాను.

"నువ్వు ముట్టుకోకు."

గిన్నె గట్టు మీద పెట్టి, టెంటు కిందకు వెళ్ళింది. అప్పటికే కొందరు ప్లేట్లు తీసుకుని వరసలో ఉన్నారు. "ఎవులూ తినకండి. అమ్మకి వండాల" అంది. గట్టిగా కూడా అనలేదు.

"ఏటే గుంటా?" అన్నాడు అప్పడు మామ. "కడుపునిండా తిని ఎల్నాదన్నావు కదా?"

సుగంధి నా వైపు చూడలేదు. నేనే చెప్పాను. "తిన్లేదు మామా. తినిపించినానని నాను అబద్ధం ఆడినాను. పిన్ని ఆకలితోనే ఎల్నాది."

మామ నిలబడ్డవాడు నెమ్మదిగా కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నేల చూశాడు. ఆయన ముఖం నేను జీవితంలో మర్చిపోను. వరసలో ముందున్న మనిషి ప్లేటు బల్ల మీద పెట్టేశాడు. తర్వాత ఒక్కొక్కరే పెట్టేశారు. మూతలు తీసిన గిన్నెలకు మళ్ళీ మూతలు పడ్డాయి.

ముప్పావు గంట పట్టింది. అన్నం, పప్పు, ఆనపకాయ పులుసు. అన్నీ సుగంధి ఒక్కతే వండింది, ఎవరినీ రానివ్వలేదు. నలభై మందీ అలాగే కూర్చున్నారు. చిన్నపిల్ల ఒకతె ఆకలని ఏడిస్తే తల్లి ఎత్తుకుని చెట్ల వైపు తీసుకెళ్ళింది. నేను టెంటు గుంజ దగ్గర నిలబడ్డాను. నా పక్కన కుర్చీ ఖాళీగా ఉంది, ఎవరూ కూర్చోమనలేదు, ఎవరూ పొమ్మనలేదు.

ఆకు మార్చి కొత్త ఆకు వేసింది. పొయ్యి మీది అన్నం తెచ్చి వడ్డించింది. వేళ్ళు కాలుతున్నా ఆగకుండా కలిపింది. ముద్ద చేసి ఆకులో పెట్టి, "తినమ్మా. శానా ఆలీసమైపోనాది" అంది.

అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. మెట్ల మీద రాలేదు, ఆసుపత్రిలో రాలేదు, పేటికకు మేకులు కొట్టినప్పుడు రాలేదు. ఇప్పుడు వచ్చింది, ఆపుకోలేకపోయాను. ఎవరూ నా దగ్గరకు రాలేదు. రాకూడదు కూడా.

అందరినీ భోజనాలకు పిలిచింది. ఒక్కొక్కరినీ వరస పెట్టి పిలిచింది. నన్ను పిలవలేదు. కాసేపు చూసి కారు దగ్గరకు నడిచాను. తాళం తిప్పుతుంటే వెనక అడుగుల చప్పుడు. ఆకులో కట్టి పైన కాగితం చుట్టిన అన్నం పొట్లం ఆమె చేతిలో ఉంది. కిటికీలోంచి పక్క సీటు మీద పెట్టింది.

"మా ఇంటికొచ్చినోడివి. తినకుండా పంపను. ఎల్లి ఎక్కడన్నా తిను. నా ముందర తినకు."

ఇంకేమైనా అంటుందని ఆగాను. అప్పటికే వెనక్కి తిరిగింది.

తెలుక్ ఇంటాన్ దాటాక లారీలు ఆగే చోట కారు ఆపాను. మిట్టమధ్యాహ్నం దాటింది. పొట్లం విప్పితే అన్నం ఇంకా వేడిగా ఉంది. ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాను.